రంపం గాటు

ఆమెకు ఇరవై ఏడేళ్లు. ఇంట్లో బంగారం అని పిలుస్తారు, మా కరాటే క్లాసులోనూ అదే పేరు. వయసు పెరిగినంతగా బుద్ధి ఎదగలేదు. బేకరీలో రొట్టెలు డబ్బాల్లో సర్దే పని చేస్తుంది. టైర్ల కొట్టు పైన నేను నేర్పే గదికి వాళ్ళమ్మే తీసుకొచ్చింది.

కుడికాలేదో ఎడమకాలేదో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. కానీ ఒకసారి తలకెక్కితే ఇక దిగదు. చెక్క పగలగొట్టే ముందు రెండు వైపులా తడిమి చూడాలని, మేకో పగులో ఉంటే కొట్టకూడదని చెప్పాను. మిగతావాళ్ళు రెండో రోజుకే గాలికొదిలేశారు. ఆమె ఒక్కరోజు కూడా మానలేదు.

పసుపు బెల్టు పరీక్ష దగ్గరపడింది. చెక్క పగిలితేనే బెల్టు. అది కట్టుకుని బేకరీకి వెళ్తానని, తనను మొద్దు అనేవాళ్ళందరికీ చూపిస్తానని రోజూ చెప్పేది.

క్లాసు యజమానికి కరాటే రాదు. ఫొటోలు దిగడం మాత్రం బాగా వచ్చు. ముందురోజు నన్ను పక్కకు పిలిచాడు.

"అదెలాగూ పగలగొట్టలేదు మాస్టారూ. చెక్క వెనకాల రంపంతో కాస్త కోసి ఉంచండి. పెద్దవాళ్ళు వస్తున్నారు, ఫొటో బాగా రావాలి."

'అది' అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా సరేనన్నాను. ఉద్యోగం పోతుందని కాదు, ఆమె వల్ల కాదేమోనని నాకూ అనిపించింది. అసలు రోత అదే. రంపం పట్టింది ఈ చేతులే.

మర్నాడు ఆమె ఇలా నడిచి వచ్చిందో లేదో చప్పట్లు మొదలు. ఇంకా ఏం చేసిందని? ముందు వరసలో ఒకావిడ "అయ్యో పాపం" అంటూ కళ్ళు ఒత్తుకుంది.

బంగారం చెక్కను ముందువైపు తడిమింది. వెనక్కి తిప్పింది. వేలు గాటు దగ్గర ఆగిపోయింది.

"మాస్టారూ, దీన్నెవరో కోసేశారు."

"పర్లేదు తల్లీ, కొట్టెయ్," అన్నాడు యజమాని పళ్ళికిలిస్తూ.

"కొట్టకూడదు. ఎవరు కోశారు?"

"నేనే," అన్నాను.

ఆమె నవ్వేసింది. "ఛ! మీరెందుకు కోస్తారు? నేను కొట్టగలను కదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్ళి గాటు లేని చెక్క తెచ్చి, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. తడిమింది. కొట్టింది. పగల్లేదు. మళ్ళీ కొట్టింది. పిడికిలి ఎర్రబడింది గానీ చెక్క చెక్కుచెదరలేదు. చప్పట్లు ఆగిపోయాయి, కొందరు గడియారం చూసుకుంటున్నారు.

యజమానికి ఓపిక చచ్చింది. పసుపు బెల్టు పట్టుకొచ్చి, ఫొటోగ్రాఫర్‌కి సైగ చేసి, ఆమె నడుముకు చుట్టబోయాడు.

బంగారం అతని చెయ్యి తోసేసింది.

"ఇంకా పగల్లేదు కదండీ! అడ్డు జరగండి, కొట్టాలి."