చివరి వాన ఎప్పుడు పడింది

నా భార్య పోయాక ఆమె చీరలు చెల్లెళ్లు తీసుకున్నారు. పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. వెబ్‌సైటు సంగతి ఎవరూ అడగలేదు. అది నడుస్తూనే ఉంది కాబట్టి నేనూ దాని గురించి ఆలోచించలేదు.

అది వాన సైటు. అనంతపురం చుట్టూ ఉన్న మెట్ట ఊళ్లలో ఎక్కడ ఎంత వాన పడిందో ఆ ఊరివాళ్లే ఫోన్లో నింపుతారు. మా వైపు వాన ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడదు. పొలం ఒకచోట, కాపురం ఇంకోచోట ఉన్నవాళ్లు ఎక్కువ. నేలలో పదును ఉండే రెండు మూడు రోజుల్లోనే వేరుశనగ విత్తాలి. కబురు ఆలస్యమైతే పదును ఆరిపోతుంది.

ఆమె బడిలో లెక్కలు చెప్పేది. సైటు కట్టడం సొంతంగా నేర్చుకుంది. డేటాబేసులు చూసుకోవడమే నా ఉద్యోగం, అయినా నన్ను దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు చెయ్యి పెడితే అది గూడా ఆఫీసైపోతాది" అనేది.

ఆమె పోయిన తర్వాతి ఏడు, రోహిణి కార్తెలో, వజ్రకరూరు వైపు వాన పడింది. సైటు ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. సాయంత్రం ఆమె తమ్ముడు ఇంటికి వచ్చాడు. అతనికి టౌన్లో ఎరువుల అంగడి, ఉరవకొండ దగ్గర పొలం ఉన్నాయి.

"ఏమి బావా, ఆడ వాన పడితే ఈడ నీ సైటుకు జలుబు చేసినాదా?"

"జనం ఎక్కువైనారప్పా."

"యాడి జనం? రైతులు అంతమంది యాడుండారు? అంతా వజ్రాలోళ్లు. వాన యాడ పడిందో నీ సైట్లో చూసుకోని బస్సెక్కుతాండారు."

నిజమే. తొలి వానకు పైమట్టి కొట్టుకుపోతే వజ్రాల రాళ్లు తేలతాయని, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు. వాళ్లందరూ ఒకే పేజీని పదేపదే తెరుస్తున్నారు.

"విత్తేవానికి తెరుచుకోదు. వాని చేను తొక్కేవానికి మాత్రం ముందే తెరుచుకుంటాది. బాగుంది బావా న్యాయం." లేస్తూ అన్నాడు: "ఇంకో వానకు గూడా ఇట్లే అయితే మేము ఫోన్ గ్రూపు పెట్టుకుంటాం. అక్క పెట్టినాదని ఇన్నాళ్లు చూస్తిమి."

ఆ మాట అన్నప్పుడు అతను నా వైపు చూడలేదు. గ్రూపులో రాసింది వారానికల్లా ఎక్కడో అడుగున పడిపోతుంది. జనం అటు పోతే సైటు ఉన్నా లేనట్టే. ఆఫీసుకు సెలవు పెట్టి డేటాబేసు తెరిచాను.

తప్పు త్వరగానే దొరికింది. మొదటి పేజీలో ప్రతి ఊరి పక్కన ఆ ఊళ్లో చివరి వాన పడిన తేదీ ఉంటుంది. రోజూ ఊరికొక వరుస దానంతటదే ఏర్పడుతుంది. వాన పడితే అందులో అంకె నింపుతారు, లేకపోతే గడి ఖాళీగా ఉండిపోతుంది. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా డేటాబేసు ప్రతి ఊరికీ ఈ రోజు నుంచి వెనక్కి, అంకె కనబడేదాకా ఖాళీ గడులు దాటుకుంటూ పోవాలి. కరువు ఎంత పొడుగైతే ఆ నడక అంత పొడుగు. అందుకే ఎండలకు మందగించి, వాన పడి జనం వచ్చిన రోజున పడిపోతోంది.

వాన లేని రోజు గడిలో సున్నా ఎందుకు వేయించలేదని ఆమె తమ్ముణ్ణి అడిగాను.

"వాన రాలేదని ఎవరన్నా రాస్తారా బావా? అట్ల అంటే వచ్చే వాన గూడా తిరుక్కోని పోతాది. ఇంత సదివినావు, అది తెలీదా?"

తెలియదు. ఆమెకు తెలుసు.

ఊరికి ఒకే వరుస ఉండే చిన్న పట్టిక తయారుచేశాను. వాన నింపగానే అందులో తేదీ మారుతుంది, వెనక్కి వెతకనక్కర్లేదు. మొదటి పేజీని కొన్ని నిమిషాలకొకసారి తయారుచేసి పెట్టి, తెరిచినవాళ్లందరికీ ఆ తయారు పేజీనే చూపించే ఏర్పాటు చేశాను. ఆమె తీసిపెట్టిన డేటా కాపీలు అదే సర్వర్లో ఉన్నాయి. అది పాడైతే అవీ పోతాయి. కాపీలను వేరేచోటికి మార్చి, వాటినుంచి మళ్లీ సైటు లేపగలనని చూసుకున్నాను. తర్వాత ఖాళీ వరుసలన్నీ తీసేశాను. రెండోసారి ఆలోచించలేదు.

మృగశిరలో మళ్లీ వాన వచ్చింది. జనం మొదటిసారి కన్నా ఎక్కువ వచ్చారు. సైటు కదలలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె తమ్ముడు వచ్చాడు. కూర్చోలేదు.

"నా చేనున్న ఊర్లో వాన పడలేదని చూపిస్తాంది నీ సైటు. నేను పోలేదు. ఈపొద్దు పోయి చూస్తే, పడి, ఆరి గూడా పోయినాది."

"ఎవరూ నింపలేదప్పా."

"నింపే ఆయప్ప కూలికి కర్ణాటక పోయినాడంట. ముందు నీ సైటు మూగది బావా. ఇప్పుడు బిరబిరా అబద్ధం చెప్తాంది."

"ఇంతకుముందూ ఇట్లా జరిగి ఉంటుంది గదా?"

"అక్క ఫోన్ చేస్తాండె. చుట్టూ ఊర్లల్లో పడి ఒక ఊరు ఖాళీగా ఉంటే, ఏమప్పా మీ మీద మేఘానికేం కోపం, అని అడుగుతాండె."

ఇంటర్వెల్లో ఆమె ఫోన్లు మాట్లాడేదని ఆమెతో పనిచేసిన టీచర్లు చెప్పారు. ఎవరితోనో అప్పుడు నాకు తెలియలేదు. ప్రోగ్రాములో ఈ పని జాడ ఎక్కడా లేదు. ఆమె ఉన్నంతకాలం ఖాళీ గడి అంటే అడిగి తెలుసుకున్న ఖాళీ. తర్వాతి ఖాళీ వాన లేకో, ఎవరూ చెప్పకో తెలియదు. రెండింటినీ నేను ఒకటే అనుకున్నాను.

కొత్త పట్టికలో ఇంకో గడి చేర్చాను: వాన పడినా పడకున్నా, ఒక్కో ఊరి నుంచి చివరిసారి కబురు వచ్చిన తేదీ. ఇప్పటికి చివరిగా అంకె నింపిన రోజునే అందులో వేశాను. పేజీ తెరిస్తే చాలా ఊళ్ల తేదీలు ఆమె ఆసుపత్రిలో చేరిన నెలలోనే ఆగి ఉన్నాయి; ఇన్నాళ్లూ అది కరువనుకున్నాను.

సైట్లో నమోదైన ఒక ఊరి నంబరుకు ఫోన్ చేశాను. ఒక పెద్దామె ఎత్తింది. వాన సైటు నుంచి అని చెప్పాను.

"మేడమ్ యాడికి పోయినాదప్పా? ఫోన్ లేదు, ఏం లేదు. మా మీద అలిగినాదేమో అనుకోని మేమూ చెప్పడం ఇడిసిపెడ్తిమి."

చనిపోయిందని చెప్పాను. నేనెవరినో చెప్పాను. అవతల కోడి అరుపు వినబడింది.

"అయ్యో. మంచి నవ్వులమ్మ." వెంటనే అడిగింది: "మొన్నటి వాన రాసుకుంటావా? మిద్దె మీద వాన కొలిచే డబ్బా అట్లే పెట్టినాను. మొన్ననే చూసి దానికి గీత పెట్టినా. ఉండు, ఎక్కి చెప్తా."

మెట్లు ఎక్కుతున్న చప్పుడు, ఆయాసం వినబడ్డాయి. తొందరేం లేదన్నాను. గీత దాకా వేలెడు లోతు ఉందని చెప్పింది. దాన్ని అంకెగా మార్చి వేసి, తర్వాతి ఊరికి ఫోన్ చేశాను.