మేలే అన్న మాట

నా చిన్నప్పుడు, గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్లకు, మా నాయన మమ్మల్ని చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనులకు తీసుకొచ్చినాడు. నాకు ఎనిమిదేళ్లు. కూలీల లైన్లలో మాదొక గది, పక్క గది ఒక తమిళ అక్కది, మధ్యలో తడిక గోడ. ఆమెకు తెలుగు వచ్చు. మాకే తమిళం రాదు.

వచ్చిన నెలలోనే అమ్మ తమ్ముణ్ణి కనింది. వాడికి పన్నెండో రోజు, పొద్దున పదింటప్పుడు, భూమి ఒక్కసారి అదిరింది. గూట్లో గిన్నెలు దొర్లిపడినాయి. కొత్తవాళ్లం, మాకేమీ తెలియలేదు. పక్కింటి అక్క మాత్రం చేతిలో చేట కింద పెట్టేసి, గనిలో రాయి పేలిందని చెప్పింది. నాయన పొద్దుటి షిఫ్టుకు దిగి ఉన్నాడు.

అమ్మ పచ్చి బాలింత. ఆమెను ఒంటరిగా విడవలేక అక్క తను ఉండిపోయి, గని దగ్గరికి పరుగెత్తుతున్న ఆడవాళ్లతో నన్ను పంపింది. గేటు దగ్గర కాగితం పట్టుకుని నిలబడిన ఒక పెద్దాయనకు నాయన పేరు చెప్పినాను. ఆయన కాగితమంతా చూసి, నా తల మీద చెయ్యి పెట్టి, "ఇన్నుం మేలే వరలమ్మా" అన్నాడు. అందులో నాకు అందింది ఒక్క మాటే, మేలు. ఇంకెవరినీ అడగలేదు. పరుగున వచ్చి, నాయనకు మేలుగా ఉండాదంట అని అమ్మకు చెప్పేసినాను.

అమ్మ ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది. అప్పటిదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. తమ్ముడు పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అక్క నన్ను వాకిట్లోకి పిలిచి, గేటు దగ్గర పెద్దాయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పినాను. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. ఆమె మాత్రం లోపలికి పోయి, మిరియాల చారన్నం కలిపి అమ్మకు తినిపించింది. అమ్మ పాలిచ్చి, తమ్ముడు నిద్రపోయినాకే అక్క ఆమె పక్కన కూర్చుని నోరు విప్పింది.

"మేలే అంటే మా మాటలో పైన అని, అమ్మా. మీ ఆయన ఇంకా పైకి రాలేదని చెప్పి పంపినారు. చిన్నపిల్ల, దానికేం తెలుసు. నాకు తెలిసి కూడా నిన్ను తిననిచ్చినాను. తప్పుంటే నాది."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం నాయనను పైకి తెచ్చినారు. ముఖం చూపించలేదు. పాదాలు చూసి అమ్మ గుర్తుపట్టింది.

చాలా రోజులు అమ్మ ఆ అక్కతో మాట్లాడలేదు. అక్క అన్నం తెచ్చి గడపలో పెట్టి పోయేది. నేను మాత్రం ఆమె దగ్గరే తమిళం నేర్చుకున్నాను, ఈ మాట మీలో ఏమి, మాలో ఏమి అని ఒక్కొక్కటే అడుగుతూ. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మే ఒకసారి చెప్పింది. నాయనను తెచ్చినాక మూడు దినాలు ఆమెకు మెతుకు దిగలేదట. ఆ పూట తిన్నదే తమ్ముణ్ణి నిలబెట్టిందట.

ఇప్పుడు నాకు నాలుగు భాషలు వచ్చు. అయినా ఎవరి కబురైనా ఇంకొకరికి చేర్చాలంటే, ఆ మాటకు అర్థమేమిటని చెప్పినవాళ్లనే మళ్లీ అడుగుతాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. అమ్మ ఆ రోజు నవ్వినట్టు, నా మాట విని ఇంకొకరు నవ్వకూడదు.