డ్రైవర్ బతికాడని చెప్పాను

ఈ రోజు పొద్దున మా కంపెనీ క్యాబు శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి రోడ్డు పట్టిందో లేదో, వెనక సీట్లో ఒక్కసారిగా కేక పుట్టింది. కొత్త డ్రైవరు బెదిరిపోయి బ్రేకు తొక్కాడు. "ఏమైంది మేడం? బండికేమన్న తాకిందా?" అని అతను, "ఏం తాకలే తమ్మీ, నువ్వు పోనియ్యి" అని కౌకూర్ అక్క. మూడేళ్లుగా మేమందరం ఎదురుచూస్తున్న గూఢచారి సీరియల్ కొత్త సీజన్ ట్రైలర్ అప్పుడే ఆమె ఫోన్లోకి వచ్చింది. నిమిషంన్నర పొడవు. అంతా పరుగులు, తుపాకులు, చీకటి గదుల్లో మాటలు. చిట్టచివర ఒక్క క్షణం ఒక చెయ్యి కనబడుతుంది. వేలికి నీలం రాయి ఉంగరం. ఆ చెయ్యి వ్యాను అద్దాన్ని రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి సరిచేస్తుంది. అంతే, తెర నల్లబడుతుంది. "డ్రైవరే! మన డ్రైవరే! బతికే ఉన్నడే!" అని అక్క అరిచింది. మైక్రోబయాలజీ సార్ "వెనక్కి పెట్టక్కా, మల్ల పెట్టు" అంటూ ఆమె ఫోను మీద పడ్డాడు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి ముందు సీటు వైపు, అంటే నా వైపు, చూశారు. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. నేను "అవునా" అన్నాను. మందు డబ్బా మీద చీటీ చదివినట్టు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. లోపల ఏమీ కదల్లేదు.

ఆ సీరియల్ పేరు ఇక్కడ రాయను. అది తెలిసినవాళ్లకు పేరు అక్కర్లేదు, తెలియనివాళ్లకు పేరుతో పని లేదు. గూఢచారి శాఖలో ఒక ఆఫీసరు, బయటికి మాత్రం గుమాస్తాలా బతుకుతుంటాడు. అతన్ని ఊరంతా తిప్పే తెల్ల వ్యాను, ఆ వ్యానుకు ఒక డ్రైవరు. శాఖలోనే ఉండి రహస్యాలు అమ్ముకునే ద్రోహి ఎవరో కనిపెట్టడమే కథ. మా క్యాబులో దాని మీద జరిగిన చర్చ మా ల్యాబులో మందుల మీద కూడా జరిగి ఉండదు. మైక్రోబయాలజీ సార్ ఎవరి మీద ఎంత అనుమానమో కంప్యూటర్లో గళ్లు గీసి పెట్టుకున్నాడు. కౌకూర్ అక్క కొత్త సీజన్ రోజు కోసమని ఒక సెలవు మిగుల్చుకుంది. దాన్ని ఆడపడుచు పెళ్లికి కూడా వాడలేదని, ఆ సంగతి ఇంట్లో ఇంకా తెలియదని చెప్పేది. నేను మాత్రం శనివారం సాయంత్రం మేడ్చల్‌లో మా ఇంటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడన ఒక్కదాన్నే ఫోన్లో చూసి, కిందికి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. జెరాక్సు షాపు మూసి వచ్చిన నాయిన, "ఏం రాస్తవు బిడ్డా గంతగనం? పరీక్షలైపోయి నాలుగేండ్లాయె" అనేవాడు. నోటితో చెప్పలేనివన్నీ రాసుకుంటానని ఆయనకు చెప్పాలన్నా నాకు నోరు రాదు కదా.

చాచా సంగతి చెప్పాలి. మా పాత క్యాబు డ్రైవరు. శామీర్‌పేట పక్క ఊరు ఆయనది. అన్నదమ్ములతో కలిసి కొద్దిగా భూమి ఉండేది, అందులో కొత్తిమీర, పాలకూర. తెల్లారి ఆకుకూర మార్కెట్‌లో దింపేసి క్యాబు తెచ్చేవాడు. అందుకని మా బండి ఎప్పుడూ తడి కొత్తిమీర వాసన వేసేది. తుర్కపల్లి మందుల కంపెనీ గేటు దగ్గర దిగాక కూడా ఆ వాసన నా చున్నీకి పట్టి ఉండేది. రూటులో మొదటి మనిషిని నేనే. మేడ్చల్‌లో నేనెక్కితే, కండ్లకోయలో మైక్రోబయాలజీ సార్, ఔటర్ రింగు రోడ్డు మీద పోయి శామీర్‌పేటలో, కౌకూర్ నుంచి వచ్చి అక్కడ ఎక్కే కౌకూర్ అక్క. కండ్లకోయ దాకా చాచా, నేను ఇద్దరమే. మొదటి నాలుగు నెలలూ "సలామాలేకుం బిడ్డా" అని ఆయన, తల ఊపడం నేను. అంతకు మించి మాటల్లేవు. ఒక రోజు ఆయనే అడిగాడు. "బిడ్డా, గా వెనకోళ్లు రోజు ఏంది లొల్లి? ఎవలు సచ్చిండ్రు?"

"సీరియల్ చాచా" అన్నాను.

"ఏం కథ?"

నోటితో కథ చెప్పడం నాకు రాదు. మొదట ఎవరితో మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. బ్యాగులో డైరీ ఉంది. తీసి మొదటి భాగం రాసుకున్న పేజీ చదివాను. చదవడమైతే నాకు చేతనవును. కండ్లకోయ వచ్చినా ఆపనివ్వలేదాయన. బండెక్కిన సారును "సప్పుడు జెయ్యకు సారూ, వ్యాను సందులకు పోయింది" అని కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. శుక్రవారం భాగం వస్తే, సోమవారం పొద్దున ముందు సీట్లోంచి నేను చదవాలి. చెరువు వచ్చేదాకా వెనకవాళ్లు ఆ భాగం గురించి ఒక్క మాట ఎత్తకూడదు. చెరువు దగ్గర చాచా తీర్పు చెబుతాడు. ఇంట్లో టీవీ ఉంది కదా, నువ్వే చూడొచ్చు కదా అని అక్క ఒకసారి అడిగింది. "టీవీ ముంగట కూసుంటె నాకు నిద్రొస్తదమ్మా. బండ్ల కథ ఇంటె నిద్ర ఎగిరిపోతది. నేను మెల్కతోటి ఉంటెనే గద మీరు కంపెనీకి చేరేది" అన్నాడు. ద్రోహి ఎవరన్నదాంట్లో సారు గళ్లన్నీ తప్పాయి, చాచా మాటే నిజమైంది. "గా శాఖల పెద్ద సారు మీద నాకు మొదటిసంది డౌటే. డ్రైవర్‌ను చాయ్ తాగినవా అని ఒక్కపారి అడిగిండా? గట్లాంటోడు మంచోడెట్లయితడు?" అన్నాడు. ఆ మాట తర్వాత మైక్రోబయాలజీ సార్ కొన్నాళ్లు రోజూ "చాయ్ తాగినవా చాచా?" అని అడిగి మరీ బండెక్కేవాడు.

సీరియల్లో డ్రైవరు వ్యాను తీసే ముందు నీలం రాయి ఉంగరమున్న చేతి రెండు వేళ్లతో అద్దాన్ని రెండుసార్లు తట్టేవాడు. నేనది ఒకసారి చదివాక చాచాకు కూడా అదే అలవాటైంది. కళ్లతో చూడని మనిషి చేతి అలవాటు చెవులతో పట్టుకున్నాడు. "మన డ్రైవర్ భాయ్" అనేవాడు, వరసైన బంధువును అన్నట్టు.

ఆ సీజన్ చివరి భాగంలో బాంబు పెట్టిన వ్యానును ఆఫీసరుకు దూరంగా తీసుకుపోవడానికి డ్రైవరు ఒక్కడే ఘాట్ రోడ్డెక్కుతాడు. మలుపులో వ్యాను లోయలోకి పోతుంది. కింద మంటలు. అక్కడితో అయిపోయింది. నేను రెండు రోజులు ఏడ్చాను. డైరీలో మూడు పేజీలు రాసి, ఆఖరి వరుసలో "డ్రైవర్ చనిపోయాడు" అని రాశాను. సోమవారం నేను బండెక్కేసరికి చాచా ముఖం పాలిపోయి ఉంది. ముందటి వారం గుండెలో నొప్పని రెండు రోజులు రాలేదు. "డాక్టర్ స్టీరింగ్ ముట్టద్దంటుండు బిడ్డా. బండి ఇడ్సిపెట్టి ఇంట్ల కూసుంటె నేనేంగావాలె? ఇంకో డాక్టర్‌ను అడుగుత. సరే, గది పోనీ. మన డ్రైవర్ భాయ్ ఎట్లున్నడో చెప్పు. గాయన మంచిగుంటె నేను మంచిగున్నట్టే" అన్నాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. బాంబు, ఘాట్ రోడ్డు, మలుపు. ఆఖరి వరుస దగ్గరికి వచ్చాను. నా కళ్లు "చనిపోయాడు" మీద ఉన్నాయి. నోరు మాత్రం, "డ్రైవర్ దూకిండు చాచా. లోయలో బండి ఒక్కటే పడ్డది" అంది. చాచా అద్దాన్ని రెండుసార్లు తట్టాడు.

నా ఉద్యోగం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మందు తయారైనప్పుడు ఎవరు ఏ గంటకు ఏం కలిపారో రాసే కాగితాలుంటాయి. వాటిని సరిచూడటమే నా పని. చేసింది ఒకటి, రాసింది ఒకటి ఉంటే పట్టుకోవాలి. తప్పు పడితే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరం కనబడేలా అడ్డంగా ఒకే గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఈ పనికి జీతం తీసుకునే నేను ఆ రోజు రాసింది ఒకటి, చదివింది ఒకటి. కండ్లకోయ వచ్చేలోపు చాచా లేని మా క్యాబు ఫోన్ గ్రూపులో సందేశం పెట్టాను. "చాచాకు డ్రైవర్ బతికాడని చెప్పాను. ఎవరూ వేరేగా చెప్పొద్దు ప్లీజ్." ఆ గ్రూపులో నేను రాసిన మొట్టమొదటి మాట అదే. మేమింకా చూడని సినిమా కథను కూడా ఆగకుండా చెప్పేసే కౌకూర్ అక్క, ఏడాదిన్నర పాటు ఆ ఒక్క ముక్క మింగి కూర్చుంది. సారు ఒకసారి "పాపం డ్రైవర్..." అని నోరు జారాడు. అక్క గిల్లిన చోట నల్లబడింది. "పాపమేంది సారూ?" అని చాచా అడిగితే, "పాపం, ఎక్కడ దాక్కున్నడో ఏమో" అని సర్దుకున్నాడు.

రెండో డాక్టరు మందులు వాడుతూ నడపొచ్చన్నాడట. ఏడాదిన్నర నడిపి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు గట్టిగా పట్టుబడితే చాచా బండి దిగాడు. కొత్త డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని నడుపుతాడు, మనిషి మంచివాడే. పోయిన వానాకాలం కొత్త సీజన్ వస్తోందని ప్రకటన వచ్చింది. ఎక్కడ చూసినా దాని మాటే, పాత ముక్కలన్నీ మళ్లీ తిరగడం మొదలైంది. చాచా కోడలి ఫోన్లో ఆ లోయ, ఆ మంటలు కనబడితే? ఇంకెవరి ద్వారానో తెలియడం కంటే నేను చెప్పడం మేలనుకున్నాను. ఆదివారం బస్సులో శామీర్‌పేట దాకా, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. ముసురు పట్టి ఉంది. చాచా రేకుల కింద పీట మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతున్నాడు.

"చాచా, నేనొక మాట తప్పు చదివిన. డ్రైవర్ దూకలే. బండితోనే పోయిండు."

ఆయన చేతులు ఆగిపోయాయి. "వెనకోళ్లకు ఎర్కనా?" అన్నాడు. ఎరుకేనన్నాను.

"కౌకూరమ్మకు గూడ?"

"ఆమెకు గూడ."

"ఏడాదిన్నర నోరు మూస్కున్నదా గామె! నీ సీరియల్ కంటె గిదే పెద్ద కథ గదనే." నవ్వాడు గాని, కళ్లు నవ్వలేదు. కట్టను ముడి వేసి పక్కన పెట్టి, "శవం చూపించిండ్రా?" అన్నాడు.

"లేదు. మంటలు చూపించిండ్రు."

"జనాజా? మట్టి జేసిండ్రా?"

"లేదు."

"మరి పోయిండని నీకెవలు చెప్పిండ్రు?"

"అందరం గట్లనే అనుకున్నం చాచా."

"నేను ముప్పై ఏండ్లు బండి నడిపిన. బండి లోయలకు పోతాంటె తలుపు తియ్యకుంట కూసుంటడా డ్రైవరన్నోడు? నువ్వు నాతోటి అబద్ధమాడినవ్. గది తప్పే. గని గాయన మాత్రం బతికే ఉన్నడు. కొత్తది రానియ్యి, అచ్చి చదువు. గీసారి రాసిందే చదువు బిడ్డా, సరేనా?" అన్నాడు. వచ్చేటప్పుడు నాలుగు కట్టలు సంచిలో వేశాడు. నన్ను ఓదార్చడానికే అలా అన్నాడనుకున్నాను. బస్సులో కూర్చుంటే, ఉన్న ఒక్క నమ్మకం నేనే తీసేసి వచ్చానని ఒకసారి, ఇప్పటికైనా నిజం చెప్పానని ఒకసారి అనిపించింది.

చలి మొదలైన వారంలో చాచా పోయాడు. క్యాబుల కాంట్రాక్టరు గ్రూపులో ఒక వరుస పెట్టాడు. కౌకూర్ అక్క బండిలో వెక్కి వెక్కి ఏడ్చింది. సారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు అరవై పేజీల కాగితాలు చూసి సంతకం పెట్టాను. మర్నాడు మా మేడం వాటిలో మూడు తప్పులు చూపించి, "ఏమ్మా, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?" అంది. లేని డ్రైవరు కోసం రెండు రోజులు ఏడ్చిన కళ్లు ఉన్న మనిషి కోసం ఎందుకు ఊరుకున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. డైరీలో ఆ వారం పేజీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ సాయంత్రం ఇంటికి వచ్చి పాత డైరీ తీసుకుని మిద్దె ఎక్కాను. ట్రైలర్ మరోసారి చూడలేదు. కౌకూర్ అక్క గ్రూపులో ఆ చేతి బొమ్మను పెద్దది చేసి పెట్టి, కింద "చాచా గెలిచిండు" అని రాసింది. సారు దానికి చాయ్ కప్పు బొమ్మ జోడించాడు. నేను ఆ ఆఖరి వరుస ఉన్న పేజీ తెరిచి, "చనిపోయాడు" మీద అక్షరాలు కనబడేలా అడ్డంగా ఒకే గీత కొట్టాను. పక్కన "బతికే ఉన్నాడు" అని రాశాను. సంతకం చేశాను. తేదీ దగ్గర కలం ఆగిపోయింది. ఆ ముసురు పట్టిన ఆదివారం తేదీ వేయాలనిపించింది. ఆ తేదీ వేస్తే ఈ పేజీ తీసుకుని చాచా కూర్చున్న ఆ రేకుల కిందికి పోవచ్చు, రాసింది రాసినట్టు చదవొచ్చు. కాని మా పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు వెనకటి తేదీ వేయడమే. మిగతా ఏ పొరపాటునైనా కూర్చోబెట్టి అడుగుతారు, దీనికి మాత్రం ఇంటికి పంపుతారు. కిందనుంచి నాయిన "బిడ్డా, అన్నం సల్లగైతాంది" అని రెండుసార్లు పిలిచాడు. ఈ రోజు తేదీ వేసి డైరీ మూశాను. తప్పు ఏనాటిదైనా కానీ, దిద్దుబాటుకు దిద్దిన రోజు తేదీయే పడుతుంది. అంతకు ముందు తేదీని కాలం ఎవరికీ ఇవ్వదు.