నా పేరు మీద నాన్న జబ్బు

కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళని నా గురించి అడగండి. "ఆ పిల్లకి కొంచెం తల తేడా" అని ఇప్పటికీ చెప్తారు. ఆసుపత్రి వరసలో నన్ను చూసి ఆరా తీసినవాళ్ళకి ఆ మాట చెప్పింది మా అమ్మే. నాకు ఏ తేడా లేదు. జబ్బు మా నాన్నది. నాన్న గూడ్సు బండి డ్రైవరు.

ఏడాదిలో కొన్ని వారాలు నాన్నకి నిద్ర అక్కర్లేదు, నోరు మూతపడదు. ఒకసారి వంటింటికి పొద్దున నీలం రంగు వేసి, నచ్చలేదని సాయంత్రానికి పసుపు కొట్టాడు. దగ్గర్లోని లిలువా నుంచి ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఇరవైమందిని భోజనానికి పిలిచాడు. అమ్మ ఏడుస్తూ వండుతుంటే గుమ్మంలో నిలబడి రైల్వేని ఎలా బాగుచెయ్యాలో వాళ్ళకి ఉపన్యాసం ఇచ్చాడు. తిన్నవాళ్ళందరూ "మడిసంటే ఈడు" అని మెచ్చుకున్నారు. తిండి పెడితే ఎవరు మెచ్చుకోరు?

కొన్నాళ్ళకి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకునేవాడు. స్నానం లేదు, మాట లేదు, పళ్ళెంలో అన్నం ఎండిపోయేది. అప్పుడు అదే జనం "ఒళ్ళు వంగట్లేదు" అన్నారు. ఒకావిడ దిష్టి తీసి, తీసినందుకు అమ్మ దగ్గర చీర పట్టుకెళ్ళింది. ఆ రోజుల్లో నాన్న కామెర్లనీ, నడుంనొప్పనీ ఏదో ఒకటి చెప్పి సిక్ సెలవు రాయించుకునేవాడు.

చివరికి నది అవతల కలకత్తాలో ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించాం. బైపోలార్ అన్నాడు. ఇది సోమరితనమూ కాదు, గాలీ కాదు, చక్కెర జబ్బులాగే ఒక జబ్బు, మందు క్రమంగా వాడితే మనిషి మామూలుగా బతుకుతాడు అన్నాడు. లిథియం రాశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మందు కుదిరేదాకా బండి నడపకూడదు, ఆఫీసులో చెప్పండి అని కూడా అన్నాడు. అమ్మ ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు. కొత్త చీటీ లేనిదే ఏ షాపువాడూ ఆ మందు ఇవ్వనన్నాడు.

రైల్వే డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే డ్రైవర్ని ఇంజిన్ దింపి ఏదో బల్ల ముందు కూర్చోబెడతారు. ఉద్యోగం పోదు. ఆ సంగతి మా కాలనీలో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ డ్రైవరుగారి భార్య కాస్తా గుమాస్తాగారి భార్య అయిపోతుంది కదా! మా ఇంట్లో నాన్న ప్రాణం కంటే నాన్న ఇంజిన్ ముఖ్యమని ఆ రోజే నాకు అర్థమైంది.

ఉపాయం చెప్పింది నాన్నతో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి. బాబాయి అని పిలుస్తాం. మా ఇంటి టీ తాగుతూ, కాలు మీద కాలేసుకుని చెప్పాడు.

"పిల్ల పేరు కూడా మెడికల్ కార్డులో ఉంది గదా వొదినా. ఆ జబ్బేదో పిల్లకే ఉందని సెప్పి మన ఆసుపత్రిలో మందు రాయించు. మింగేవోడు మింగుతాడు."

"మరి నా సంగతేటి?" అన్నాను. అప్పుడు నేను బీకాం రెండో ఏడు.

"నీకేటవుద్దే? నువ్వేటి ఇంజిన్ నడుపుతావేటి?" అంది అమ్మ.

నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. అమ్మని క్షమించినా క్షమిస్తానేమో గానీ ఆ మౌనాన్ని నేను క్షమించలేదు.

అమ్మ నాచేత పాఠం వల్లెవేయించింది. రైల్వే ఆసుపత్రిలో మనోవ్యాధుల డాక్టరమ్మ ముందు కూర్చుని నాన్న జబ్బంతా నాదిగా అప్పజెప్పాను. రాత్రిళ్ళు నిద్ర రాదన్నాను, వంటింటికి రంగులు వేశానన్నాను. ఆవిడ బెంగాలీ మనిషి, నన్ను వాళ్ళ భాషలో "మా", అంటే అమ్మా, అని పిలిచేది, నేను చెప్పిందల్లా శ్రద్ధగా రాసుకునేది. అలా నమ్మినందుకు ఆవిడ మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆర్నెల్లు నెలనెలా వెళ్ళాను. ఆవిడ అడిగినవాటికి తోచిన జవాబు చెప్పి, ఇంటికొచ్చి మందుల కవరు నాన్న మంచం మీదకి విసిరేసేదాన్ని. నాన్న దాన్ని తీసుకుని దిండు కింద పెట్టుకునేవాడు.

రక్తపరీక్ష చీటీ రాసినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాం. ఈ మందు రక్తంలో తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం, పరీక్ష లేకపోతే ఇక ఇవ్వను అని ఏప్రిల్‌లో ఆవిడ తేల్చి చెప్పింది. కాగితం మీద రోగిని నేను. రక్తం నాదే ఇచ్చాను.

రిపోర్టులో మందు ఆనవాలే లేదు. ఎందుకుంటుంది? "నువ్వు మింగట్లేదు" అంది డాక్టరమ్మ. అమ్మ వెంటనే మంగళసూత్రం కళ్ళకద్దుకుని, నేను తన కళ్ళ ముందే మింగుతున్నానని వచ్చీరాని హిందీలో ప్రమాణం చేసింది. డాక్టరమ్మ నా మొహం కేసి చాలాసేపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ మోతాదు కొద్దిగా పెంచి, వారంలో మళ్ళీ పరీక్షకి రావాలని గట్టిగా చెప్పింది. మేం వెళ్ళలేదు.

"పెంచింది నాన్నకివ్వకమ్మా, ఆ రక్తం నాది" అన్నాను ఇంటికొచ్చాక.

"డాక్టరు కంటే నీకెక్కువ తెలుసేటి?" అంది అమ్మ.

అబద్ధం చెప్పి రాయించుకున్న చీటీ మీద ఎంత గౌరవమో! నేను మళ్ళీ అనలేదు. మీ ఖర్మ మీరు పడండి అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

మే నెల ఎండకి ఇంజిన్‌లో కూర్చున్నవాడు నిలువునా చెమటై కారిపోతాడు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో పేరుకుంటుందని మాకు తర్వాత తెలిసింది. నాన్న చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసు సగం చొక్కా మీదే ఒలికేది. విరేచనాలు, తూలుడు, నాలుక మడతపడటం. ఒకాయన మొహం మీదే "పొద్దున్నే ఏసేసినావేటి?" అని నవ్వాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని! ఒక మధ్యాహ్నం డ్యూటీకని టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దాటుతూ అక్కడే కూలిపోయాడు.

రైల్వే ఆసుపత్రి ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగాడు.

"ఏ మందూ నేదు బాబూ" అంది అమ్మ. కంగారులో తెలుగులోనే అంది.

"ఎండదెబ్బ" అని హిందీలో సర్దాడు మా వెంట వచ్చిన బాబాయి. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "నోరిప్పినావంటే మీ నాన్న ఇంజిన్ పోతాది" అన్నాడు.

నాన్న కళ్ళు తేలేసి ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి.

"లిథియం మింగుతున్నాడు, ఆర్నెల్లుగా. మందు నా పేరు మీద తెస్తున్నాం. పోయిన నెల ఇచ్చిన రక్తం నాది" అని బెంగాలీలో చెప్పాను. అమ్మ అందరి ముందూ నా చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ తగులుతుండగానే డాక్టరు నాన్న చేతికి సూది గుచ్చి రక్తం తీశాడు.

నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించాక నాన్న మనుషుల్ని గుర్తుపట్టాడు. ఇంజిన్ పోయింది. అమ్మ నాతో మాట మానేసింది. బాబాయి "ఇల్లు ముంచింది" అని ఇంటింటికీ చెప్పుకొచ్చాడు.

అయిదో రోజు డాక్టరమ్మ వచ్చింది. నా వంక చూడను కూడా చూడలేదు. మమ్మల్ని బయటికి పంపి మంచం చుట్టూ తెర లాగింది. నేను తెరకి ఇవతలే నిలబడ్డాను. నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది. తర్వాత, చచ్చిపోవాలనిపిస్తుందా అని అడిగింది.

ఆ ప్రశ్న ఆవిడ ఆర్నెల్లూ నన్ను కూడా అడిగింది. లేదని ప్రతిసారీ ఠక్కున చెప్పేదాన్ని. నాకు లేదు మరి. ఇంటికొచ్చి నాన్నని ఒక్కసారి కూడా అడగలేదు.

తెర వెనక నాన్న బెంగాలీలో, చాలా మామూలుగా, "రోజూ" అన్నాడు.