మ్యాప్‌లో లేని సందు

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గ్లోబు టీచరు. సోషల్ చెప్పే మనిషి, చేతిలో ఎప్పుడూ గ్లోబు, పైగా మనిషీ కాస్త గుండ్రమే. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంటుంది.

ఎనిమిదో తరగతిలో ఉడుత అని ఒక పిల్ల. కుదురుగా కూర్చుంటే ఒట్టు! అలాంటిది ఒకరోజు కళ్లు వాచిపోయి, మూల బెంచీలో ముడుచుకుని కూర్చుంది. ఆ పిల్ల ఇల్లు గుట్ట వెనక సందులో. స్కూలు వ్యాను అటు పోదు. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన నడిచి రావాలి. ముందురోజు ఒక లారీ రాసుకుంటూ పోయిందట.

"ఈ నెలతో బడి మానెయ్యమన్నాడు టీచర్, మా నాన్న" అంది.

టీచరు వ్యాన్లు నడిపే ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా కుర్చీలోంచి కదలకుండానే "అటు దారి లేదండీ, మ్యాప్‌లో చూపించట్లేదు" అన్నాడు. మనుషులు రోజూ తిరుగుతుంటే దారి లేదంటాడేమిటి! ఆమెకు ఒళ్లు మండిపోయింది. "చూపించేలా చేస్తాను, ఉండండి" అని వచ్చేసింది.

మర్నాడు కంప్యూటర్ గదిలో, ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ ఒకటి తెరిచి, పిల్లలతో "ముందు ఎవరిళ్లు వాళ్లు గుర్తు పెట్టండి" అంది. టకటకా నొక్కేశారు. తీరా చూస్తే ఏముంది! క్లాసు క్లాసంతా బడి కప్పు మీదే కాపురం పెట్టింది. 'నేనున్న చోటు' అన్న బటన్ నొక్కారు మహానుభావులు, బడిలో కూర్చుని! అప్పుడే తొంగిచూసిన హెడ్మాస్టారు "ఏమ్మా, వీళ్లందరి చేతా నాకు అద్దె కట్టిస్తావా?" అని పగలబడి నవ్వారు. టీచరూ నవ్వింది గానీ లోపల ఒకటే గుబులు. నెలాఖరు దగ్గరపడుతోంది.

ఇక లాభం లేదని ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని గుట్ట వెనక్కి బయల్దేరింది. నడిచినకొద్దీ టీచరు ఫోన్లో ఆ దారి గీతగా పడుతోంది. ఉడుత అందరికంటే ముందు.

"టీచర్, ఇక్కడ మలుపు! ఇక్కడైతే వ్యాను తిప్పుకోవచ్చు!"

"ఆగవే తల్లీ, నా ప్రాణం పోయేలా ఉంది!"

మ్యాప్ గీయడానికి ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోలో ఆ సందు చెట్ల కింద దాక్కుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ గీయలేదు. పిల్లలే కూర్చుని, తాము నడిచిన గీత మీద దారి గీశారు.

అది మ్యాప్‌లోకి ఎక్కగానే టీచరు మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా తెర చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇదెప్పుడు వేశారండీ?"

"మీరు పుట్టకముందే నాయనా. రేపు వ్యాను పంపండి, చాలు."

మర్నాడు డ్రైవరు పక్కన తనే కూర్చుంది. అది నెలలో ఆఖరి రోజు. తండ్రి మనసు మారకపోతే ఏం చెయ్యాలా అని దారంతా భయమే.

వ్యాను సందులోకి తిరిగింది. ఉడుత పరుగెత్తుకొచ్చి ఎక్కేసింది. తండ్రి మాత్రం నెమ్మదిగా వచ్చాడు. ఆయన వేలు పట్టుకుని, అక్క పాత యూనిఫాంలో మునిగిపోయిన ఇంకో పిల్ల.

"ఇది మా చిన్నదండీ. అంత దూరం నడవలేదని అసలు బళ్లోనే వెయ్యలేదు. దీన్ని కూడా ఎక్కించుకుంటారా టీచరమ్మా?"

టీచరు పక్కకు జరిగి, రెండు చేతులూ చాపింది.