మూరెడు గట్టు

జనగామ మార్కెట్ దగ్గర నలభై ఏళ్లుగా పూలు అమ్ముతున్నాను. ఇంటి నుంచి రోజూ నడిచే పోతాను. ఈమధ్య ఆ దారిలో కొత్తగా ఫుట్‌పాత్ కడుతున్నారు. మొన్న అరిగిన మోకాళ్లతో దాని గట్టు ఎక్కలేక, వెనక లారీ హారన్ కొడుతుంటే, అందరి ముందూ చేతులు ఆనించి పాకాను. పూలబుట్ట బోర్లాపడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పని చేయిస్తున్న సూపర్‌వైజర్ చూసి, "ఆటోల పోరాదు అవ్వా" అన్నాడు.

"నాలుగడుగులకు ఆటో ఎందుకు బిడ్డా? గింత ఎత్తు ఎందుకు కట్టినవ్?"

"జానెడే ఉన్నది. టేపుతోటి కొలిచినం."

నేను మోచేయి రోడ్డుకు ఆనించి చెయ్యి నిలబెట్టాను. వేలి కొసలు గట్టు అంచుకు తగిలాయి.

"పూలు కొలిచే చెయ్యి ఇది. మూరెడున్నది. మళ్ల పెట్టు నీ టేపు."

పెడితే జానకు రెండింతలు వచ్చింది. మేస్త్రీలు నవ్వారు. అయినా అతను వినలేదు. వాలు కట్టేదాకా లేవనని అక్కడే కూర్చున్నాను. కూరగాయలు అమ్మే ముసలివాళ్లు నలుగురు వచ్చి నా పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నానికి గట్టు కొట్టి వాలు పోశారు.

కాళ్లు ఆగకముందే దారి ఆగిపోకూడదని నా పట్టుదల. ఇక బస్టాండు ముందర కూడా ఇంతే ఎత్తు గట్టు ఉంది. సోమవారం అక్కడికి పోదామని ఆ నలుగురికీ చెప్పి పెట్టాను.