మా మాస్టారికి ధింసా రాదు

మా మాస్టారు పోయారు. మొన్న పేపర్లో మీరూ చూసే ఉంటారు, 'ధింసా నృత్య శిక్షకుడు కన్నుమూత' అని వేశారు. కింద ఫోటోలో ధింసా చీరల్లో మేం పదకొండు మందిమి, చివర ఆయన. చదివి నాకు ఒళ్ళు మండింది. మా మాస్టారికి ధింసా రాదు. అరకు దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఆయన వ్యాయామం మాస్టారు. మాకు ఫుట్‌బాల్ నేర్పారు. ఇప్పుడు పెదబయలులో నర్సుని గానీ, అప్పట్లో ఆ టీముకి నేనే గోల్‌కీపర్ని.

మా గ్రౌండుకి ఒక పక్కంతా లోయ. బంతి కాఫీ తోటల్లోకి దొర్లిందంటే వెతికి తెచ్చేసరికి అరపూట. అందుకని ఎత్తి కొట్టకూడదు, అంతా నేలబారు పాసులే. ఎవరైనా బంతి పట్టుకు వేళ్ళాడితే, "ఒలే, బేగి ఇచ్చీయే. ఇంటికట్టుకెల్తావేటి?" అని మాస్టారు గట్టుమీంచి అరిచేవారు.

విశాఖలో అంతర్జాతీయ క్లబ్బుల టోర్నమెంటు పెట్టారు. రెండేళ్ళు నడిచి మూతపడింది, పీడా పోయింది. మొదటి ఏడాది మమ్మల్నీ పిలిచారు, నేపాల్ క్లబ్బుతో మ్యాచ్. బూట్లు లేనిదే దిగనివ్వరట. మేం ఉత్తి కాళ్ళతో ఆడేవాళ్ళం. మాస్టారు ఎక్కడెక్కడో అడిగి పాత బూట్లు తెచ్చారు. కాళ్ళు బొబ్బలెక్కినా రెండు నెలలు అలవాటు చేసుకున్నాం.

తీరా వెళ్తే, ప్రారంభానికి ముందు ధింసా ఆడమన్నారు. మాకిష్టం లేదు. ధింసా మాదే, కానీ మేం వెళ్ళింది అందుకు కాదు. తరవాత మన మ్యాచే కదమ్మా అని మాస్టారే ఒప్పించారు. ఆడాం. ఆ చీరల మీదే బూట్లేసుకుని, జెర్సీల కోసం నిలబడ్డాం. అప్పుడొచ్చాడు నిర్వాహకుడు. పెద్ద క్లబ్బొకటి ఆలస్యంగా వచ్చింది, మీ చోటు వాళ్ళకిచ్చాం, డాన్సు మాత్రం అదిరింది అన్నాడు. నవ్వుతూ అన్నాడు. పైగా మాస్టారికి శాలువా కప్పాడు. ఆయన దాన్ని తీసి కుర్చీమీద పెట్టి బయటికి నడిచారు.

మేం చీరలతో, బూట్లతో అలాగే రైలెక్కాం. అరకు దాకా ఒక్కరమూ విప్పలేదు. మరుసటి ఏడాది డాన్సుకి మాత్రమే పిలిచారు. మాస్టారు జవాబే ఇవ్వలేదు.

దాచడమెందుకు, నాకు ఆయన మీదా కోపమే, మమ్మల్ని ఎందుకు ఒప్పించారని. పోయిన నెల చూడ్డానికి వెళ్తే మంచంలోంచి ఆయనే ఆ మాట ఎత్తారు. ఆ రోజు ఆడుంటే ఎన్ని గోల్స్ తినేవాళ్ళం అని అడిగారు. ఆరు, అన్నాను.

"నానే ఒప్పించీసినాను మిమ్మల్ని," అన్నారు. "తింటే తినేవోలం. ఓడిపోడానికైనా సోటివ్వాల గదే, గుంటా."

అని గోడవైపు తిరిగి పడుకున్నారు.